నరసాపురం నుంచి కాకినాడకు చిన్న తెరచాప పడవలో, ఇద్దరమే, తొందర లేకుండా

లంకల_బాటసారి

ఇంతకాలం ఈ వేదికలో చదవడమే తప్ప రాసింది లేదు. ఉద్యోగ విరమణ అయింది, పిల్లలు ఎవరి ఊళ్ళలో వాళ్ళున్నారు. ఇరవై నాలుగు అడుగుల పాత ఫైబర్ తెరచాప పడవ ఒకటి కొని నరసాపురంలో కట్టేసుకున్నాం. అడుగున ఉన్న పలకను పైకి లాగితే రెండడుగుల నీళ్ళలో తేలుతుంది, దించితే నాలుగున్నర అడుగులు కావాలి. వెనక చిన్న ఇంజను ఉంది. సంక్రాంతి అయ్యాక నేనూ మా ఆవిడా బయలుదేరి, అంతర్వేది దగ్గర సముద్రంలోకి దిగి, ఒడ్డు వెంటే కాకినాడ దాకా వెళ్ళి, నెల తిరిగేలోగా అదే దారిన వెనక్కి రావాలని ఆలోచన. రోజుకు కొంత దూరం, చీకటి పడేసరికి ఏదో ఒక మొగలో, అంటే నదీ పాయ సముద్రంలో కలిసేచోట, లంగరు. పందేలు, రికార్డులు అక్కర్లేదు.

ఎవరిని అడిగినా “ఈ వయసులో మీకెందుకండీ” అంటున్నారు. నేను అడిగేది అది కాదు. ఎక్కడ ఆగవచ్చు, ఎక్కడ ఆగకూడదు, ఏ గాలికి కదలాలి? తెలిసినవాళ్ళు చెప్పండి. మా ఆవిడకు కొంచెం భయం. ఆమెకు ధైర్యం కలిగేలా రాస్తే ఇంకా సంతోషం.

కొబ్బరితోట

ఈ వయసులో మీకెందుకండీ?

(క్షమించాలి, చెయ్యి ఆగలేదు.)

ఓడలమీదబతుకు

ముందు లెక్క చూడండి. అంతర్వేది మొగ నుంచి కాకినాడకు ఒడ్డు వెంట సుమారు 60 నాటికల్ మైళ్ళు, అంటే 110 కిలోమీటర్ల వరకు ఉంటుంది. మంచి గాలి ఉంటే మీ పడవ గంటకు నాలుగైదు మైళ్ళు పోతుంది, కానీ సగటు మూడే వేసుకోండి. మొదటి మజిలీ ఓడలరేవు దగ్గర వైనతేయ మొగ, ఇంచుమించు 15 మైళ్ళు. అది పగటి వెలుగులోనే అయిపోతుంది. చిక్కంతా ఆ తరవాతే. గౌతమి పాయలు వచ్చేదాకా కళ్ళు మూసుకుని ఆగగలిగే చోటు ఒక్కటీ లేదు. మొగలు ఉన్నాయి, నిజమే. ఒక వరద వెళ్ళిందంటే ఇసుక మేటలన్నీ జాగా మారతాయి. పటంలో నీలం రంగు కనిపించింది కదా అని పడవ తోయకండి.

ఆ తీరానికి ఎదురుగా చమురు, గ్యాసు వేదికలు ఉన్నాయి. వాటి చుట్టూ 500 మీటర్ల లోపలికి పోకూడదు. రాత్రయితే సముద్రమంతా వలలు. ఉన్నది ఇద్దరు, ఒకరు పడుకుంటే కాపలా ఒక్కరే. పెద్ద ఓడల మీద పనిచేసినవాడిగా చెబుతున్నాను, చిన్న పడవకు నడిసముద్రం కంటే ఒడ్డే ప్రమాదం. వద్దన్నదే నా సలహా.

పల్లిపాలెం_బోటు

పై ఆయన చెప్పినదాంట్లో చివరి మాట తప్ప మిగతాదంతా నిజం. మేము రోజూ వెళ్ళి వస్తున్నాం కదా.

మొగ దాటడానికి మాకున్నది ఒకే నియమం. పోటు నీరు మూడు వంతులు ఎక్కాక దాటాలి. పాటు లాగుతున్నప్పుడు, అంటే నీరు వెనక్కి తీస్తున్నప్పుడు, సముద్రం మీది నుంచి గాలి కూడా ఉంటే అటు పోనే వద్దు. నది నీరు బయటికి తోస్తుంది, కెరటం లోపలికి తోస్తుంది, రెండూ మేట మీద కొట్టుకుని నీళ్ళు నిలువునా లేస్తాయి. అమావాస్యకీ పున్నానికీ ఇంకా జోరు. అష్టమి, నవమి రోజుల్లో నీరు మెత్తగా ఉంటుంది, కొత్తవాళ్ళు అప్పుడు దాటితే మేలు.

మా ఊళ్ళో ఒక రాత్రి ఆగండి. పొద్దున్న మా బోటు వెనకే రండి, లోతు ఎక్కడుందో అదే చూపిస్తుంది. డబ్బులు వద్దు, ఒక రోజు ముందు చెబితే చాలు.

లంకల_బాటసారి

పల్లిపాలెం గారూ, ఈ ఒక్క జవాబు కోసమే రాసినట్టుంది. ఓడల గారి సలహా నచ్చలేదు గానీ లెక్క మాత్రం రాసిపెట్టుకున్నాను.

సరంగు_మనవడు

అందరూ సముద్రం మీదే పడ్డారు. మా తాత రాజోలు వైపు కాలువ పడవలకు సరంగు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట ముగించిన తరవాత డెల్టాలో కాలువలు సాగునీటికే కాకుండా రాకపోకలకూ వాడారు. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు, అందరూ పడవల మీదే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ సాగకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగడం. లాకు దగ్గర, అంటే పడవను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే తలుపుల దగ్గర, వరస కోసం పూట పూటంతా ఆగేవారట. నెమ్మది ప్రయాణమంటే అదండీ. అటు సముద్రం ఎందుకు, లోపలే తిరగండి.

యానాం_మాస్టారు

సరంగు_మనవడు గారూ, ఆ రోజులు వేరు. ఇప్పుడు లాకుల తలుపులు ఎన్నిచోట్ల తెరుచుకుంటాయో మీరే చెప్పండి. గుర్రపుడెక్క ఒకవైపు, మనిషి తల తగిలే కల్వర్టులు ఒకవైపు. వేసవిలో కాలువలు ఎలాగూ కట్టేస్తారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా జాతీయ జలమార్గం 4 అని 2008లోనే ప్రకటించారు. కాగితం మీద పడవలు చక్కగా నడుస్తున్నాయి.

సరంగు_మనవడు

కాలువలు వదిలేద్దాం, నదీ పాయలు ఉన్నాయి కదా. అక్కడ మాత్రం ఒకటి చూసుకోవాలి. బాటసారి గారి తెరచాప కొయ్య పడుకుంటుందా? మా తాత వాళ్ళు వంతెన రాగానే కొయ్య దించేసేవారు. ఇప్పుడు వంతెన కంటే భయం కరెంటు తీగలు. రొయ్యల చెరువులకు వేసిన లైన్లు చిన్న పాయల మీదుగా పోతుంటాయి. కొయ్య అల్యూమినియం అయితే తీగ తగలనక్కర్లేదు, దగ్గరికి వెళ్ళినా చాలు. ఎంత ఎత్తో కొలిచి, ఆ అంకె చుక్కాని దగ్గర రంగుతో రాసిపెట్టుకోండి.

వశిష్ఠ_ఆడపడుచు

“మా ఆవిడకు కొంచెం భయం” అని రాశారు చూడండి, ఆ ఆవిడను నేనే. ఈ జవాబు రాయడానికే ఇక్కడ ఖాతా తెరిచాను.

నేను లంకలో పుట్టాను. బడికి పడవ మీద వెళ్ళి పడవ మీద వచ్చినదాన్ని. ఈయన ఈత నేర్చుకున్నది పెళ్ళయ్యాక, అదీ మా తమ్ముడు నేర్పితే. నీళ్ళంటే నాకు భయం లేదు. ఉన్న చిరాకులు ఇవీ.

లంగరు వేసేటప్పుడు నేను ముందు, ఈయన వెనక. అక్కడి నుంచి కేకలు. గాలికి నాకు ఒక్క ముక్క వినపడదు, ఒడ్డున ఉన్న ఊరికి మాత్రం అన్నీ వినపడతాయి. ఇంకొకటి, ఈయన నీళ్ళలో పడితే పడవను ఒక్కదాన్నే వెనక్కి తిప్పి ఎక్కించుకోగలనా? ఈ సంగతి అడిగితే “నేనెందుకు పడతాను” అంటారు. ఇక మరుగుదొడ్డి. ఇంతమంది ఇంత రాశారు, దాని గురించి ఒక్కరూ ఎత్తలేదు.

కొబ్బరితోట

బాటసారి గారి పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోయింది. ఎవరైనా గమనించారా?

విశాఖ_తెరచాప

వదినగారూ, ఈ చర్చ మొదలవాల్సింది మీ దగ్గరే. నేనూ మావారూ విశాఖ తీరంలో ఇలాగే తిరుగుతుంటాం. మాకు కుదిరినవి చెబుతాను.

కేకలు పూర్తిగా మానేయండి. చేతి సైగలు ముందే అనుకోండి: పిడికిలి అంటే ఆపు, అరచేయి కిందికి అంటే నెమ్మది, వేలు ఎటు చూపితే అటు. లంగరు దగ్గర ఉన్నవాళ్ళదే పెత్తనం, చుక్కాని పట్టినవాళ్ళు చెప్పినట్టు వినాలి. ఒక రోజు మీరు ముందుంటే మరునాడు ఆయన ముందు. ఇద్దరికీ రెండు పనులూ రాకపోతే అది ఇద్దరి ప్రయాణం కాదు, ఒకరు నడుపుతుంటే ఇంకొకరు ఎక్కి కూర్చోవడం.

మనిషి పడితే చేసే పని ఎండు కొబ్బరికాయతో సాధన చేయండి. చెప్పకుండా నీళ్ళలో పడేయాలి, చుక్కాని దగ్గర ఉన్నవాళ్ళు ఒక్కరే పడవను తిప్పి దాన్ని పట్టుకోవాలి. పడిన వస్తువు మీద నుంచి చూపు తిప్పకూడదు, తెరచాప వదులు చేసి గాలికి ఎదురుగా వచ్చి దాని పక్కన ఆగాలి. ఇంజను వాడితే మనిషి దగ్గరికి వచ్చేసరికి గేరు తీసేయాలి. అంతకంటే కష్టం ఎక్కించుకోవడం. తడిసిన మనిషిని చేతులతో లాగడం ఎవరి వల్లా కాదు. వెనకవైపు నీళ్ళలోకి దిగే నిచ్చెన తప్పకుండా ఉండాలి, పడినవాళ్ళకు అందేలా దాని తాడు కిందికి వేలాడాలి. అసలు పడకుండా ఉండటానికి నడుముకు పట్టీ, పడవకు కట్టిన తాడు. గాలి లేని రోజున కూడా.

మరుగుదొడ్డికి మూత గట్టిగా పడే బకెట్టు, పక్కన సంచీడు ఊక. మీ జిల్లాలో ఊకకు కరువేమీ లేదు కదా! ద్రవం వేరుగా పడేలా చూసుకుంటే వాసన రాదు. పాయల్లో పారబోయవద్దు, అక్కడ పీతలు పట్టేవాళ్ళు నడుము లోతులో నిలబడి ఉంటారు.

వశిష్ఠ_ఆడపడుచు

ఊక! మా ఇంటి వెనకే మిల్లు. ఇది మాకు తట్టనే లేదు.

తాళ్ళరేవు_వడ్రంగి

ఫైబర్ పడవ అన్నప్పుడే జవాబు రాయకూడదనుకున్నాను. మా ఊళ్ళో తయారయ్యే నావకు అడుగు బల్లపరుపుగా ఉంటుంది, మేట మీద కూర్చుంటే నిటారుగా కూర్చుంటుంది, పోటు రాగానే లేచి పోతుంది. ఈ తీరానికి పుట్టిన పడవ అది. సరే, కొనేశారు కాబట్టి కొన్ని మాటలు.

పలక జారే గాడిలో ఇసుక, నత్తగుల్లలు ఇరుక్కుంటాయి. లోతు తక్కువ నీళ్ళలో రాత్రి గడిపిన ప్రతిసారీ బయలుదేరే ముందు పలక కిందికీ పైకీ ఆడించి చూడండి. మొగ మధ్యలో అది బిగుసుకుపోతే పడవ గాలికి పక్కకు జారుతుంది.

లంగరు తాడు లోతుకు ఐదింతలు, గాలి ఉంటే ఏడింతలు. లోతు అంటే పోటుకు ఎంత ఉంటుందో అది, మీరు వచ్చిన వేళకు ఉన్నది కాదు. కాకినాడ వైపు పోటుపాట్ల తేడా అమావాస్యకు మీటరు దాటుతుంది. మడ పాయల్లో అడుగున బురద, లంగరు గట్టిగా పడుతుంది గానీ మర్నాడు లాగేటప్పుడు నడుము గుర్తుంటుంది.

కొబ్బరితోట

నడుము గుర్తుండేది ఎవరికి? సైగల ప్రకారం ఆ రోజు ముందు ఎవరుంటే వాళ్ళకి.

యానాం_మాస్టారు

గౌతమి, వృద్ధ గౌతమి మొగల వైపు మాత్రం ఒడ్డుకు దూరంగా వెళ్ళండి. 1867 జూన్ 19న శాక్రమెంటో అనే అమెరికా యుద్ధనౌక ఈ గోదావరి మొగల దగ్గరే మేటకు తగిలి ముక్కలైంది. అందులోనివాళ్ళు అందరూ బతికారు. ఆ మేటకీ, తరవాత కట్టిన దీపస్తంభానికీ శాక్రమెంటో పేరే నిలిచింది. ఆవిరి యంత్రం, తెరచాపలు రెండూ ఉన్న ఓడకే అలా అయింది. ఇక కోరంగి సంగతి. ఒకప్పుడు పెద్ద ఓడలు బాగుచేసుకునే రేవు, 1839 తుపాను ఉప్పెనతో దెబ్బతిని మళ్ళీ లేవలేదు. 1996 నవంబరులో...

పల్లిపాలెం_బోటు

మాస్టారూ, ఆవిడకు ధైర్యం చెప్పమన్నారు.

యానాం_మాస్టారు

చెబుతున్నాను కదా, అందరూ బతికారని! 1996 తుపాను సంగతి చెప్పబోయింది కూడా అందుకే. అది నవంబరులో వచ్చింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరంలో చిన్న పడవకు పని లేదు.

సరంగు_మనవడు

అసలు ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఏ గాలికి కదలాలి? బాటసారి గారు “అదే దారిన వెనక్కి” అని చాలా తేలిగ్గా రాశారు.

పల్లిపాలెం_బోటు

అదే నేనూ చెప్పాలనుకున్నాను. సంక్రాంతి రోజుల్లో ఈశాన్యం గాలి ఇంకా ఉంటుంది. అంతర్వేది నుంచి కాకినాడ అంటే సరిగ్గా దానికి ఎదురు వెళ్ళడం. మాఘమాసం నడిచేకొద్దీ అది సద్దుమణుగుతుంది. అంతర్వేది తీర్థం, అదే గుడి ఉత్సవం, చూసుకుని బయలుదేరండి. తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వస్తుంది, ఒడ్డు దగ్గర కెరటం ఉండదు, తెరచాప పక్కనుంచి నిండుతుంది. పది గంటలకు అది పడిపోతుంది. మధ్యాహ్నం దక్షిణం గాలి ఎక్కుతుంది, అది వెనకనుంచి తోస్తుంది. సాయంత్రానికి బాగా జోరు చేస్తుంది కాబట్టి ఆ లోపలే మొగలోకి చేరిపోవాలి. మధ్యలో ఆ రెండు గంటలు గాలి లేదని ఇంజను వేయకండి, అన్నం తినండి.

ఓడలమీదబతుకు

దీనికి ఇంకొకటి కలపండి. ఈ తీరం వెంట సముద్రపు ప్రవాహం కూడా ఫిబ్రవరి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, అక్టోబరు నుంచి దక్షిణానికి తిరుగుతుంది. అంటే ఫిబ్రవరి, మార్చిలో గాలి, నీరు రెండూ కాకినాడ వైపే. వెళ్ళడం సుఖంగానే ఉంటుంది. ఆ మార్చిలోనే తిరిగి రావాలంటే రెండింటికీ ఎదురు రావాలి, గంటకు మూడు మైళ్ళ పడవతో. అది ప్రయాణం కాదు, శిక్ష.

లంకల_బాటసారి

(పచ్చచుక్క వెలిగింది, కొబ్బరితోట గారూ.)

మరి తిరిగి రావడం ఎలా? లారీ మీద తెచ్చుకోవాలా?

సరంగు_మనవడు

గాలి మారేదాకా ఆగాలి. పడవ అక్కడే వదిలేసి మీరిద్దరూ బస్సెక్కి ఇంటికి రండి. మళ్ళీ జనవరిలో తుపానుల భయం తగ్గాక, మిగిలిన ఈశాన్యం గాలిని పట్టుకుని కిందికి దిగండి. పాతకాలపు తెరచాప ఓడలు చేసింది అదే, ఒక గాలికి పోవడం, ఇంకో గాలికి రావడం.

లంకల_బాటసారి

ఏడాది పాటు పడవను అక్కడ వదిలేయాలా? కొన్నది ఇంటి ముందు చూసుకోవడానికి కదా!

వశిష్ఠ_ఆడపడుచు

తొందర లేదని పైన రాసింది ఎవరు?

మడచెట్టు

గౌతమి దాటాక కోరంగి అభయారణ్యం వస్తుంది, 1978 నుంచి రక్షిత ప్రాంతం. పాయ నీళ్ళ మీదే కదా అనుకోవద్దు, లోపలికి వెళ్ళాలన్నా ఉండాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. కాకినాడకు అడ్డంగా ఉన్న హోప్ ఐలండ్ మీద దిగాలన్నా ముందు వాళ్ళనే అడగండి. మీరు వెళ్ళే రోజులు సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. ఒడ్డు దగ్గర రాత్రి ఆగితే తెల్లటి పెద్ద దీపాలు ఇసుక వైపు తిప్పవద్దు, పిల్లలు వెలుగు చూసి దారి తప్పుతాయి.

చెప్పకపోతే తిట్టుకుంటారు: దోమలు. సాయంత్రం ఐదున్నరకే తెర కట్టేయండి. అదృష్టం ఉంటే పాటు నీటికి బురద గట్టు మీద నీటిపిల్లి, అంటే చేపలు పట్టే అడవిపిల్లి, కనిపిస్తుంది.

పల్లిపాలెం_బోటు

వలల సంగతి కూడా. తేలే డబ్బాల వరస కనిపిస్తే దాని చివర వెతుక్కుని చుట్టూ తిరిగి వెళ్ళండి. తప్పక దాటాల్సి వస్తే ఇంజను ఆపి, పలక పైకి లాగి, తెరచాపతో జారిపోండి. వల తెగితే ఆగి మాట్లాడండి. పారిపోయిన పడవ సంగతి సాయంత్రానికల్లా అన్ని ఊళ్ళకూ ఫోనులో తెలిసిపోతుంది. ఆగినవాళ్ళకు చాలాసార్లు చేపలు కూడా ఇచ్చి పంపుతారు.

ఏప్రిల్ 15 తరవాత మాత్రం ఉండకండి. జూన్ 14 దాకా వేట నిషేధం, మా బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. మీకేమైనా అయితే చూసే కన్ను ఉండదు.

ఓడలమీదబతుకు

నేను ఇప్పటికీ వద్దనే అంటున్నాను. అయినా వెళతారని అర్థమైంది కాబట్టి ఇవి రాసుకోండి. బయలుదేరే ముందు మెరైన్ పోలీసులకు పడవ ఫొటో, మీ ఇద్దరి వివరాలు, ఏ రోజు ఎక్కడ ఆగుతారో ఇవ్వండి. తీరంలో కొత్త పడవ కనబడితే ప్రశ్నలు వస్తాయి, రావాలి కూడా. తీరరక్షక దళం నంబరు 1554, తీర పోలీసులది 1093, రెండూ పడవలో పెద్దక్షరాలతో అంటించండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, గాలి అంచనాలు రోజూ ఇస్తుంది, అది చూడకుండా తాడు విప్పవద్దు. వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవల మధ్య మాట్లాడుకునేది) 16వ ఛానల్‌లో ఉంచండి, ఆపదలో పిలిచేది దాని మీదే. కాకినాడ దగ్గర ఓడలకూ ఒడ్డుకూ మధ్య సరుకు బార్జీలు తిరుగుతుంటాయి, అవి మీ కోసం ఆగవు, ఆగలేవు కూడా.

తెరచాప కుదించాలా అన్న అనుమానం వచ్చిన వెంటనే కుదించండి. ఇద్దరిలో ఎవరికి అనుమానం వచ్చినా సరే, రెండోవాళ్ళు వాదించకూడదు.

వశిష్ఠ_ఆడపడుచు

ఓడల గారూ, చివరి రెండు ముక్కలు ప్రింటు తీసి గోడకు అంటించాను. పడవ గోడకు కాదు, ఇంటి గోడకు.

కొబ్బరితోట

వంట గురించి ఎవరూ రాయలేదే. గోదావరి జిల్లా చర్చేనా ఇది?

విశాఖ_తెరచాప

కుక్కర్‌ను మించింది లేదు. పడవ ఊగినా మూత ఊడదు, గ్యాసు తక్కువ పడుతుంది. అన్నం, పప్పు, పైన ఒక గిన్నెలో గుడ్లు, అన్నీ ఒకేసారి. మొగ దాటే రోజున మాత్రం వంట పెట్టుకోకండి, ముందురోజు పులిహోర కలిపి ఉంచుకోండి. తాగే నీళ్ళ క్యాన్లు అడుగున, మధ్యలో పెట్టాలి, బరువు కిందికి ఉంటే పడవ కుదురుగా ఉంటుంది.

యానాం_మాస్టారు

గౌతమిలో పోటు పట్టుకుని పైకి వస్తే యానాం దాకా రావచ్చు. భోజనం మా ఇంట్లో. పులస మాత్రం అడగకండి, అది వరద నీటితో వచ్చే చేప, మీరు వచ్చే రోజులకు ఉండదు.

కొబ్బరితోట

మాస్టారి ఊరికి జనం పులస కోసమే వస్తారని ఆయన నమ్మకం.

వశిష్ఠ_ఆడపడుచు

తాళ్ళరేవు వడ్రంగి గారూ, మార్చి చివర నుంచి జనవరి దాకా పడవ మీ దగ్గర ఒడ్డు మీద పెట్టుకోవడానికి కుదురుతుందా? వరద నీరు అందనంత ఎత్తులో కావాలి. తుపాను వస్తే తాళ్ళు వేసి కట్టే వీలు కూడా ఉండాలి. అద్దె ఎంతో చెప్పండి.

తాళ్ళరేవు_వడ్రంగి

చోటు ఉంది. ఫైబర్ పడవని మా వాళ్ళు నవ్వుతారు, అది మీరు పట్టించుకోకండి. పాకలోకి వెళ్ళాలంటే కొయ్య దించాలి. వెడల్పు ఎంత, పలక పూర్తిగా పైకి వస్తుందా, అడుగున దుంగలు ఎక్కడ ఆనించాలి, ఇవి తెలిస్తే అద్దె చెబుతాను. సారుగారిని కొలిచి పంపమనండి.

వశిష్ఠ_ఆడపడుచు

సారుగారు ఎందుకు, నేనే కొలిచాను. వెడల్పు ఎనిమిది అడుగుల రెండు అంగుళాలు. పలక పూర్తిగా వస్తుంది. కొయ్యకు అడుగున మడతబందు ఉంది, ఇద్దరుంటే దిగుతుంది. దుంగల చోట్లు గుర్తుపెట్టి ఫొటోలు రేపు పెడతాను. పల్లిపాలెం గారూ, తీర్థం అయ్యాక వచ్చే అష్టమికి మొగ దాటదామనుకుంటున్నాం, మీ బోటు ఆ రోజు వేటకు వెళుతుందా?

పల్లిపాలెం_బోటు

వెళుతుంది. నాలుగింటికి లేవాలి.

లంకల_బాటసారి

నాలుగింటికా?